పుస్తకం ఫైలు పంచుకుంటే తప్పా? – విద్యార్థులు తెలుసుకోవలసిన చట్టం

 

స్కాలర్‌షిప్ దరఖాస్తుల పరిశీలన రోజున బి.కాం. చదివే అబ్బాయి ఒకడు నన్ను ఇలా అడిగాడు: "తాతగారూ, అకౌంటెన్సీ పుస్తకం కొనే స్తోమత లేదు. స్నేహితుడు పుస్తకమంతా ఫోనులో పంపాడు. నేను క్లాసులో అందరికీ పంపాను. పైసా తీసుకోలేదు. తప్పేముంది?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

1. కాపీరైట్ చట్టం, 1957: తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 63వ సెక్షను ప్రకారం ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు, రూ. 50,000 నుండి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు కారణాలు వ్రాసి శిక్ష తగ్గించవచ్చు. అంటే డబ్బు తీసుకోకపోవడం వల్ల శిక్ష తగ్గవచ్చును గాని, నేరం కాకుండా పోదు.

2. సినిమాలు: 2023 సవరణతో సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, దొంగ కాపీని ప్రదర్శించినా మూడు నెలల నుండి మూడేళ్ల జైలు. జరిమానా రూ. 3 లక్షలకు తగ్గదు. నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు పోవచ్చు.

3. మన రాష్ట్రాలు: తమిళనాడు 2004లో, మహారాష్ట్ర 2009లో వీడియో పైరసీదారులను, కర్ణాటక 2014లో డిజిటల్ నేరస్థులను ముందస్తు నిర్బంధ చట్టాలలో చేర్చాయి. విచారణ లేకుండానే ఏడాది వరకు నిర్బంధించే వీలుంది. ఇవి ముఖ్యంగా అలవాటుగా, వ్యాపారంగా చేసేవారి కోసం. అయినా పిల్లలు సరదాకు కూడా ఆ దారి పోరాదు.

కట్టడి మితిమీరిన సందర్భమూ ఉంది. 2012లో '3' సినిమా కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఏ తప్పూ లేని సైట్లు కూడా మూతపడ్డాయి. నిర్దిష్టమైన లింకులనే ఆపాలని జూన్‌లో అదే కోర్టు సవరించింది.

మరి పేద విద్యార్థికి దారి లేదా? ఉంది.

సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది. బోధనలో భాగంగా గురువు, శిష్యుడు నకలు తీసుకోవడానికీ మినహాయింపు ఉంది. బోధనకు అవసరమైన మేరకు పుస్తక భాగాలను ఫోటోకాపీ తీసి సంకలనంగా ఇవ్వడం దీని కిందికి వస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పుస్తకమంతా ఊరికి పంచడం వేరు సంగతి.

స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం రూ. 6,000 కోట్లతో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ విద్యాసంస్థలలో సుమారు 13,000 పత్రికలు చదివే వీలు కల్పించడం దీని ఉద్దేశం. మీ కళాశాల గ్రంథపాలకుని అడగండి.

రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. పర్లాకిమిడిలో ఉండి వాడుక భాష కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి గారు 1940లో కన్నుమూశారు. ఆయన రచనలను నిర్భయంగా పంచుకోవచ్చు. తెలుగు పుస్తకం దొరకని ఊళ్లలో ఉన్న మనకు ఇది పెద్ద వరం.

ఆ అబ్బాయికి ఇప్పుడు నా జవాబు: "నాయనా, కావలసిన అధ్యాయం చదువుకో. పుస్తకం మొత్తం మాత్రం పంచకు. సీనియర్ల పాత పుస్తకాలు అడుగు." తల్లిదండ్రులారా, మీ ఇంట్లో చదువు పూర్తయిన పుస్తకాలుంటే తర్వాతి పిల్లలకు ఇవ్వండి. కొన్న పుస్తకాన్ని చేతికివ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.