కోళ్ళ కబుర్లు – కొక్కెర తెగులు

రంపచోడవరం సంతలో కోళ్ళు అమ్మే మూల కాసేపు నిలబడండి. చుట్టుపక్కల కొండల మీది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అడ్డాకులు, కొండచీపుళ్ళు, చింతపండు దించుకుంటారు. వాటి పక్కనే కాళ్ళు కట్టిన కోళ్ళు, పిల్లలను పెట్టుకుని తెచ్చిన గంపలు. బేరం సాగుతున్నంతసేపూ మాటలు కూడా సాగుతూనే ఉంటాయి.

“వదినా, మీ నల్లపెట్ట పొదిగిందా?”

“పన్నెండు గుడ్లు పెడితే తొమ్మిది పిల్లలు లేచాయి. రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది. మీ ఊళ్ళో ఏం సంగతి?”

“ఏం సంగతి చెప్పను! మా వీధిలో కోళ్ళు రెండు రోజులనుంచి కునికిపాట్లు పడుతున్నాయి. ఉన్నవి ఉన్నట్టుగా అమ్మేద్దామని తెచ్చాం.”

చివరి మాట విన్నారు కదా! పిల్లలు లేచిన సంగతి అందరూ చెవి ఒగ్గి వింటారు. కునికిపాట్ల సంగతికి ‘అయ్యో’ అని ఊరుకుంటారు. కాని ఆ సంభాషణ మొత్తంలో శాస్త్రజ్ఞుడు పుస్తకంలో రాసుకోవలసిన మాట అదే. ఎందుకో తెలియాలంటే ముందు కోళ్ళ కబుర్ల విలువ కొంచెం తూచి చూడాలి.

పెద్దవాళ్ళు కోళ్ళ గురించి చెప్పుకునేవన్నీ ఉత్తమాటలు కావు. గుడ్డును నీళ్ళలో వేసి చూడమంటారు. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది. కొన్నాళ్ళ నాటిది లావుపాటి కొనను పైకెత్తి వాలుతుంది. బాగా పాతది తేలుతుంది. గుడ్డు పెంకు నిండా వేలకొద్దీ సన్నని రంధ్రాలు ఉన్నాయి. వాటిగుండా లోపలి నీరు ఆవిరై పోతుంది. ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. గాలిగది ఉండేది లావుపాటి కొనలో కాబట్టి ఆ కొనే ముందు పైకి లేస్తుంది. పొదుగు మీదకు వచ్చి లేవనంటున్న పెట్టను చల్లటి నీళ్ళలో ముంచే అలవాటు మరొకటి. ఆ సమయంలో పెట్ట పొట్టకింద ఈకలు రాలి చర్మం వెచ్చగా ఉంటుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ‘ప్రొలాక్టిన్’ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంటుంది. పొట్ట చల్లబడితే ఆ ధోరణి తగ్గవచ్చు. ముంచడం కన్నా, కింద గాలి ఆడేటట్టు ఎత్తుగా పెట్టిన గంపలో నాలుగు రోజులు ఉంచడం మేలని నా అభిప్రాయం. పాపం, దానికీ జలుబు చేయకుండా ఉంటుంది!

ఇలాంటి మాటలన్నీ ఒక ఇంటి అనుభవంతో తేలేవి. మీ గుడ్డు తేలిందా లేదా చూడటానికి పక్క ఊరి కబురు అక్కరలేదు. తెగులు సంగతి అలా కాదు. అది ఒక్క ఇంట్లో కూర్చుని చూస్తే అర్థంకాదు.

కోళ్ళ తెగుళ్ళలో మన పల్లెలను ఎక్కువగా బాధపెట్టేది కొక్కెర తెగులు. పుస్తకాల్లో దీనికి రెండు ఊళ్ళ పేర్లు ఉన్నాయి. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం దగ్గర దీనిని గుర్తించారు కనుక ‘న్యూకాజిల్ వ్యాధి’ అన్నారు. ఆ తరువాత కొద్దికాలానికే హిమాలయ సానువుల్లోని రాణిఖేత్‌లో కనిపించింది. అందుచేత మన దేశంలో ‘రాణిఖేత్ వ్యాధి’ అంటారు. ఒక కొండఊరి పేరు ఇలా జబ్బుకు అంటుకుపోవడం ఆ ఊరివాళ్ళకు ఎలా ఉంటుందో!

దీనికి కారణం వైరస్. అది ఊపిరి తీసే దారులను, పేగులను, నరాలను పట్టుకుంటుంది. అందుకే లక్షణాలు మూడు విధాలుగా కనిపిస్తాయి. కోడి నోరు తెరిచి మెడ చాచి గాలి పీలుస్తుంది. తెలుపు, ఆకుపచ్చ కలిసిన పలచని రెట్ట వేస్తుంది. కొన్నిటికి రెక్క లేదా కాలు పడిపోతుంది, మెడ మెలితిరిగి తల వెనక్కి పోతుంది. గుడ్లు పెట్టే పెట్టలు మానేస్తాయి, లేదా మెత్తటి పెంకుతో పెడతాయి. తీవ్రమైన రకం వస్తే, టీకా వేయని కోళ్ళలో పదింట తొమ్మిది చచ్చిపోవడం కూడా ఉంది. పుస్తకాలకో బస్సు చార్జీకో పండుగకో అక్కరకు వస్తాయని పెంచుకున్న కోళ్ళగూడు వారం రోజుల్లో ఖాళీ అయిపోతుంది.

జబ్బు వచ్చాక మందు లేదు. వెల్లుల్లి, మిరియాలు, పసుపు నూరి పెడతారు. కొందరు టెట్రాసైక్లిన్ పొడి నీళ్ళలో కలిపి పోస్తారు. టెట్రాసైక్లిన్ బాక్టీరియాల మీద పనిచేసే మందు, వైరస్‌ల మీద కాదు. బతికిన కోడి మందువల్ల బతికిందనుకుంటాం. చచ్చినవాటిని లెక్కలోకి తీసుకోం. మీ తరగతిలో ఎవరైనా “మా ఇంట్లో పనిచేసింది” అంటే, ఎన్నిటికి వేస్తే ఎన్ని బతికాయి, వేయనివాటిలో ఎన్ని బతికాయి అని అడగండి.

ఇక సంత సంగతికి వద్దాం. వైరస్ ఒంట్లో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. ఒక్కోసారి రెండు రోజులే, ఒక్కోసారి పదిహేను రోజులు. ఈ మధ్యకాలంలో కోడి చక్కగా మేస్తుంది, ఈకలు నిగనిగలాడుతుంటాయి. కాని దాని రెట్టలో, ముక్కునుంచి కారే తడిలో వైరస్ అప్పటికే బయటికి వస్తూ ఉండవచ్చు. ఎండ తగలని చోట రెట్టలో అది రోజుల తరబడి నిలిచి ఉంటుంది. గంపకు, చెప్పులకు, కాళ్ళు కట్టిన తాడుకు అంటుకుని ప్రయాణం చేస్తుంది.

గూటిలో రెండు కోళ్ళు చావగానే ఇంటివాళ్ళు ఏం చేస్తారు? మిగిలినవాటిని అమ్ముతారు, లేదా కోసుకు తింటారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఇవాళ అమ్మితే నాలుగు రూపాయలు, రేపటికి ఏమీ ఉండదు. కాని అలా అమ్మిన కోడిని పది మైళ్ళ అవతల ఇంకొకరు పెంపకానికి కొంటారు. కోసిన కోడి పేగులు, ఈకలు పెంటమీద పడతాయి, కుక్కలూ కాకులూ నాలుగిళ్ళకు పంచుతాయి. ఇలా కోడి కబురు, కోడి జబ్బు ఒకే సంతలో ఒకే రోజున ఒకే గంపలో ప్రయాణం చేస్తున్నాయన్నమాట!

మన పెరటికోడికి అడవిలో ఉన్న చుట్టానికి ఈ బెడద తక్కువ. ఎర్ర అడవికోడి మన తూర్పు కనుమల్లో ఇప్పటికీ ఉంది. తెల్లవారుజామున దాని కూత మీలో చాలామంది వినే ఉంటారు. గోదావరి దాటి దక్షిణానికి పోతే బూడిదరంగు అడవికోడి కనిపిస్తుంది. రెండింటికీ సుమారుగా ఆ నదే సరిహద్దు. పెంపుడు కోడికి మూలం ఎర్రదే. అయితే కోళ్ళ కాళ్ళకు, చర్మానికి ఉండే పసుపురంగు మాత్రం బూడిదరంగు దాని నుంచి వచ్చిందని 2008లో జన్యువుల పరిశీలనలో తేలింది. ఈ అడవికోళ్ళు చిన్నచిన్న గుంపులుగా వేరువేరు తావుల్లో తిరుగుతాయి. వాటిని ఎవరూ కాళ్ళు కట్టి సంతకు తేరు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

కొక్కెర తెగులుకు మందు లేకపోయినా టీకా ఉంది. మన దేశంలో దీనిని 1940లలో హిమాలయాల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనా సంస్థలో తయారుచేశారు. వైరస్‌ను కోడిగుడ్డులోని పిండంలో పెంచి, అందులోంచి తీసి మరో గుడ్డులో పెంచి, అలా పదేపదే చేసి దాని పొగరు తగ్గించారు. కోడి జబ్బుకు విరుగుడు కోడిగుడ్డులోనే తయారైంది! చిన్నపిల్లలకు వారం రోజుల వయస్సులో లసోటా లేదా ఎఫ్ రకం టీకా కంట్లోగాని ముక్కులోగాని ఒక చుక్క వేస్తారు. ఎనిమిది వారాలు దాటాక ముక్తేశ్వర్ రకాన్ని రెక్కకింద చర్మంలోకి సూదితో ఇస్తారు.

టీకా వేసిన క్షణంలో రక్షణ రాదు. కోడి ఒంట్లో వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు తగినంతగా తయారుకావడానికి వారం పది రోజులు కావాలి. పది అనుకుందాం. మీ గూటిలోనే ఒక కోడి కునికిపాట్లు పడటం మొదలుపెడితే మిగిలిన వాటికి అప్పటికే వైరస్ అంటి ఉంటుంది. అవి నాలుగైదు రోజుల్లో పడిపోతాయి. పది రోజులు కావలసిన టీకా నాలుగు రోజుల్లో ఏం చేయగలదు? “టీకా వేయించాం, అయినా చచ్చాయి” అని వినిపించే ఫిర్యాదుల్లో కొన్నిటికి ఇదే కారణం.

మరొక విధంగా ఆలోచించండి. జబ్బు పొరుగు ఊళ్ళో బయటపడింది. సంత నిన్ననే అయిపోయింది. మళ్ళీ సంతకు 6 రోజులు ఉంది. ఆ ఊరివాళ్ళు సంతదాకా ఆగకుండా ఆవేళే ఫోనులోనో, బడికి వచ్చే పిల్లల చేతనో కబురు పంపారు. మీరు మర్నాడే టీకా వేయించారు. జబ్బుకోడి సంతకు వచ్చేసరికి మీ కోళ్ళకు 5 రోజుల రక్షణ ముందే మొదలైంది. ఎవరైనా సంతలో కోడిని కొన్నా దానిని మందలో కలపకుండా 15 రోజులు వేరే గంపకింద, దూరంగా, వేరే నీళ్ళ చిప్పతో ఉంచారు. 5కు 15 కలిపితే 20. కావలసింది 10. కబురు సంతలో అంది ఉంటే ఆ మొదటి 5 రోజులు మీకు దక్కేవి కావు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని దాచడం మంచిదికాదు. టీకా ఎండిన పొడిరూపంలో సీసాలో వస్తుంది. చల్లగా ఉంచకపోతే పనికిరాదు. ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. దానితో ఇచ్చిన ద్రవంలో కలిపాక రెండు గంటల లోపల వాడేయాలి. పెద్దకోళ్ళ టీకా మామూలుగా 100 కోళ్ళకు సరిపడే సీసాలో వస్తుంది. ఒక ఇంట్లో ఉండేది ఎనిమిదో పదో. ఎనిమిది కోళ్ళకోసం సీసా విప్పితే తొంభైరెండు మోతాదులు పారబోయాలి. పన్నెండు ఇళ్ళు కలిస్తే 96 కోళ్ళు. సీసా సరిపోయింది! కాబట్టి కొక్కెర తెగులును ఏ ఒక్క ఇల్లూ విడిగా జయించలేదు. పైగా పన్నెండులో పదకొండు ఇళ్ళు వేయించుకుని ఒకటి మానేస్తే, ఆ ఇంట్లో వైరస్ పెరిగి కొత్తగా లేచిన పిల్లలను వెతుక్కుంటూ వస్తుంది.

ఐసు చిక్కును తగ్గించడానికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో, ఆయన సహచరులు వేడిని మరికొంత తట్టుకునే ‘ఐ–2’ అనే టీకా రకాన్ని ఎంపికచేశారు. కరెంటు లేని మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో దీనిని కంటిచుక్కగా వాడారు. అక్కడ కూడా టీకా వేసే రోజును ముందుగా ఊరంతటికీ చాటడం పనిలో సగభాగం అయింది.

కబురంటే ‘కోళ్ళు చస్తున్నాయంట’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఎన్ని ఉంటే ఎన్ని చచ్చాయి? పెద్దవా, పిల్లలా? ఎన్ని రోజుల్లో? రెట్ట ఏ రంగు? కొత్త కోడిని ఈమధ్య తెచ్చారా? ఈ ప్రశ్నలకు జవాబులు కావాలి. పిల్లలు మాత్రమే రెట్టలో రక్తంతో పడిపోతుంటే అది కాక్సీడియోసిస్ కావచ్చు, దానికి మందులు ఉన్నాయి. తురాయిమీద, కంటిచుట్టూ పొక్కులు లేస్తే కోళ్ళ మశూచి, దానిని దోమలు వ్యాపింపజేస్తాయి. చూసినది చూసినట్టు చెబితే పశువైద్యుడికి సగం దారి చూపినట్టే. రంపచోడవరంలో పశువుల ఆసుపత్రి ఉంది, పందిరిమామిడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

ఒక హెచ్చరిక. కొక్కెర వైరస్ మనుషులకు పెద్దగా హాని చేయదు. కళ్ళు కొద్దిగా ఎర్రబడవచ్చు, అంతే. కాని 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అది వేరే వైరస్, అరుదుగా అయినా మనిషికి ప్రమాదం. పైకి చూసి రెండింటినీ వేరుచేయడం ప్రయోగశాలకు తప్ప ఎవరికీ సాధ్యంకాదు. అందుచేత ఒకేసారి ఎక్కువ కోళ్ళు చస్తే వాటిని ముట్టుకోకండి, కోయకండి, తినకండి. పశువైద్యుడికి కబురు చేయండి. ఆయన చెప్పినట్టు పెద్దవాళ్ళచేత లోతుగా గోయి తీయించి సున్నం చల్లి పూడ్పించండి.

మీ తరగతివాళ్ళు చేయగల పని ఒకటుంది. మీ గూడెం పటం గీయండి. ప్రతి ఇంటి దగ్గర కోళ్ళ సంఖ్య, అందులో ఎనిమిది వారాలు దాటినవి ఎన్ని, చివరిసారి టీకా వేసిన తేదీ రాయండి. నెలకొకసారి దిద్దండి. పక్క ఊళ్ళనుంచి బడికి వచ్చే మీ స్నేహితులచేత వాళ్ళ ఊరి పటం కూడా గీయించి పక్కన అంటించండి. వంద కోళ్ళు పోగయ్యే ఇళ్ళను ఒక గీతతో చుట్టండి. ఎన్ని చుట్లు వస్తే అన్ని సీసాలు కావాలి. ఏ వారంలో వేయించాలో పశువైద్యుణ్ణి అడిగి ముందుగానే తెలుసుకోండి.

టీకా రోజుకు ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, కోళ్ళను రాత్రే గంపకింద కమ్మి ఉంచమని, డాక్టరుగారు వచ్చేదాకా వదలవద్దని చెప్పండి. పొద్దున గూటి తలుపు తీశాక వాటిని పట్టుకోవడం మీవల్ల కాదు, డాక్టరుగారివల్ల అసలే కాదు.