కింద దుకాణాలు, పైన ఇళ్లు: టవర్ ప్లాన్ గీసేవారికి జాగ్రత్తలు

హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న, కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. దిగడానికి ఉన్నది ఒకే ఇరుకు మెట్ల దారి. అది పాత, చిన్న భవనం. అదే పొరపాటును 30 అంతస్తుల ప్లాన్‌లో గీయకండి.

చేయవలసినవి

• ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు వేర్వేరు మెట్లు ఇవ్వండి.

• ప్రతి అంతస్తుకూ కనీసం రెండు మెట్ల దారులు దూరదూరంగా పెట్టండి. పక్కపక్కనే ఉంటే ఒకే పొగ రెండింటినీ మూసేస్తుంది.

• ఇళ్ల మెట్లు సరాసరి ఆరుబయటికి దిగేలా చూడండి, షోరూంలోకి కాదు.

• పైనుంచి వచ్చే మెట్లను గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఆపండి. సెల్లార్‌కు వేరే మెట్లు వేయండి.

• మెట్ల దగ్గర 2 గంటలు మంటకు తట్టుకునే, వాటంతటవే మూసుకునే తలుపులు బిగించండి.

• కేబుళ్లు, పైపులు వెళ్లే షాఫ్టులను ప్రతి స్లాబు దగ్గరా మంట దాటకుండా పూడ్చండి.

• దుకాణాల్లోని పొగ అలారం పై ఇళ్లలోనూ మోగేలా కలపండి. రాత్రి షట్టర్ వెనక రేగిన మంట ఎవరికీ కనిపించదు.

• ఆఫీసు అంతస్తుల్లో 24 మీటర్ల పైన ఒకటి, ఆపై ప్రతి 15 మీటర్లకు ఒకటి చొప్పున, బయటి గాలి తగిలే ఆశ్రయ స్థలం వదలండి.

• ఫైరింజను తిరగడానికి చుట్టూ కనీసం 6 మీటర్లు ఖాళీ ఉంచండి. ఖాళీ అంటే ఖాళీయే: పూలతొట్లు, జనరేటర్, వాచ్‌మన్ గది ఏవీ వద్దు.

చేయకూడనివి

• ఇళ్ల కింద బ్యాటరీ వాహనాల షోరూంకు చోటివ్వకండి. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలి, పై లాడ్జిలో 8 మంది చనిపోయారు.

• రసాయనాలు నిల్వ చేసేవారికి అద్దెకివ్వకండి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరులో కింద అలాంటి నిల్వ కాలి, పై ఇళ్లలో కనీసం 9 మంది బలయ్యారు.

• సెల్లార్‌లో గ్యాస్ సిలిండర్లు పెట్టనివ్వకండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే అక్కడే నిలుస్తుంది.

• హోటల్ వంటగది పొగ గొట్టాన్ని ఇళ్ల డక్ట్‌లో కలపకండి.

• అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ చేతికొచ్చాక సెల్లార్ పార్కింగును గోదాముగా మార్చకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

• బయటి గోడలకు మండే ప్యానెళ్లు తొడగకండి. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో మంటను పైదాకా ఎక్కించింది అవే, 72 మంది పోయారు.

• ఫైర్ పంపును మామూలు కరెంటు లైనుకే వదిలేయకండి. మంట రాగానే ముందు ఆపేది ఆ లైనునే.

• టెర్రస్ తలుపుకు తాళం పడే ఏర్పాటు చేయకండి.

• లిఫ్టును తప్పించుకునే దారిగా లెక్కలో చూపకండి.