ఆటలో పీపా, ఊళ్లో గిర్నీ

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. స్టార్‌డ్యూ వ్యాలీ ఆటలో పంటను పీపాలో వేస్తే ధర మూడింతలవుతోంది. మా రెండెకరాల మిర్చికి కారం గిర్నీ కొంటే లాభమేనా?

జవాబు: ఆ ఆటలో పండు పీపాలో పడితే మూడింతలు, జాడీలో పడితే రెండింతల మీద 50 నాణేలు. అంటే ధర 50 దాటిన పండుకే పీపా. కాకపోతే జాడీ త్వరగా ఖాళీ అవుతుంది. దేనికీ కరెంటు బిల్లు రాదు, కొనేవాడు ఎప్పుడూ సిద్ధం!

మీ సంగతి వేరు. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండుమిర్చి వచ్చిందనుకుందాం. గంటకు 50 కిలోలు పట్టే గిర్నీకి అది 80 గంటల పని, అంటే పది రోజులు. మిగతా ఏడాదంతా దుమ్మే. తొడిమ తీస్తే తూకం తగ్గుతుంది, కూలీ అదనం. గిర్నీ వేడెక్కితే కారం రంగు మాడుతుంది.

మీది చపాటా రకం మిర్చి అయితే ఆ రంగే మీ పెట్టుబడి. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ముందు అర క్వింటా అద్దె గిర్నీలో పట్టించి అమ్మి చూడండి, మిగతాది ఎనుమాముల మార్కెట్‌కే తోలండి. ఊళ్లో పదిమంది తమ మిర్చి మీ దగ్గరే పట్టిస్తామంటేనే మిషన్ మాట. 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.