బూరుగుదూది దిండు పంపడం లేదు

బి.కొత్తకోట

పాపా,

ఇక్కడ ఎండలు ముదిరినాయి. అయినా తెల్లవారుజామున హార్సిలీ కొండ వైపు నుంచి చల్లగాలి వస్తానే ఉంది. ఇంటి వెనక చేని గట్టున బూరుగుచెట్టు కాయలు పగులుతున్నాయి. దూది గాలికి పోకముందే మీ పెదనాన్న పొద్దున్నే పోయి కాయలు ఏరుకొస్తున్నారు. ఒక గోనెసంచి నిండింది.

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లేస్తూనే నీకు మెడ పట్టేస్తోందంట. బెంగుళూరు పోయిన ఆర్నెల్లకే మూడు దిండ్లు మార్చినావంట. ఫోన్లో బొమ్మ చూసి దిండు కొంటారా తల్లీ? చీర కొనేటప్పుడు పదిసార్లు తడిమి చూస్తావే! కోప్పడుతున్నా అనుకోవద్దు. నేను చేసిన తప్పు నువ్వు చేస్తున్నావని బాధ, అంతే.

ఒకసారి మదనపల్లెలో ఒక అంగట్లో ఫోము దిండు చేత్తో నొక్కి చూసి, వెన్నముద్ద మాదిరి ఉందని జత కొనుక్కొచ్చినా. చేత్తో ఒకసారి నొక్కడం వేరు, రాత్రంతా తల బరువు మోయడం వేరు. వారానికే మధ్యలో గుంట పడింది. నెల రోజులు మెడ తిప్పలేకపోయినా.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. చిన్నప్పుడు సెలవులకొచ్చి నా పక్కనే పడుకునేదానివి. రాత్రంతా తుమ్ములే. కొండగాలి పడలేదని నీ చెవులకు మఫ్లరు చుట్టేదాన్ని. ఆ తుమ్ములు తెప్పించింది నీ తల కింద నేను పెట్టిన దిండేనని ఎన్నాళ్ళకో తెలిసింది. అది పత్తిదూది దిండు. పత్తి చెమట పీల్చుకుంటుంది, ఉండలు కడుతుంది, కంటికి కనిపించని దుమ్ముపురుగులు చేరతాయి. అప్పుడప్పుడు విప్పి ఏకించాలి, ఎండబెట్టాలి. దూదేకేవాళ్ళు వీధిలోకి రావడం మానేసినాక నేనూ ఆ సంగతే మరిచిపోయినా. ఇప్పటికీ తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నా, విను. మెత్తదనానికి మోసపోవద్దు. నువ్వు ఎట్లా పడుకుంటావు, దాన్ని ఎట్లా చూసుకోగలవు, ఈ రెండూ చూసి కొను. నువ్వు ఎప్పుడూ పక్కకు తిరిగి పడుకుంటావు. భుజం అంచు నుంచి చెవి దాకా ఎంత సందు ఉందో, తల ఆనించినాక దిండు అంత ఎత్తు నిలవాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకు ఇంకొంచెం తక్కువ, బోర్లా పడుకునేవాళ్ళకు పలచనిది చాలు.

బూరుగుదూది నాకు ప్రాణం. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, నిండా గాలే. పైన సన్నని మైనం పూత. అందుకే అంత తేలిక, నీళ్ళు కూడా తొందరగా పట్టవు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లలో కూరింది ఈ దూదినే. కానీ అది అణిగిపోతుంది. తరచూ ఎండ చూపించి తట్టాలి, కొన్నాళ్ళకు మళ్ళీ కొంచెం దూది కూరాలి. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. నీ గదికి ఎండ రాదు, పైగా మంచం పక్కన దోమల చుట్ట వెలిగిస్తావు. అందుకే ఇంట్లో సంచి నిండా దూది ఉన్నా నీకు పంపడం లేదమ్మా.

మెమరీ ఫోము అడిగినావంట. దాన్ని 1966లో అమెరికా నాసా వాళ్ళు విమానం సీట్ల కోసం తయారు చేయించినారు. తలకు తగ్గట్టు ఒదుగుతుంది, నిజమే. కానీ వేడి పట్టి ఉంచుతుంది, చలికి గట్టిపడుతుంది, నీళ్ళలో నానబెట్టి ఉతికేది కాదు. రబ్బరుపాలతో చేసే లేటెక్సు మెడకు బాగా ఆనుతుంది, చాలా ఏళ్ళొస్తుంది. ధర మాత్రం ఎక్కువ, ఎండలో పెడితే పాడవుతుంది.

తుమ్ములున్న నీకు ఉతుక్కునే ఫైబరు దిండే మేలు. బాగా దట్టించింది, జిప్పు ఉన్నది చూడు. ఎత్తు ఎక్కువైతే కొంచెం తీసేయొచ్చు. కొన్నాళ్ళకు మధ్యకు మడిచి వదిలి చూడు, తిరిగి లేవకపోతే దాని పని అయిపోయినట్టే. గలీబు వారం వారం వేడినీళ్ళలో ఉతుకు. తలకు నూనె పెట్టుకున్న రోజు పైన పాత తువ్వాలు పరుచుకో. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఇంకో దిండు కొనవద్దు, డాక్టరు దగ్గరికి పో. నా మాట విను, బంగారూ.

సంచిలో దూదికి గింజలు తీస్తున్నా. నీ కొలతకే ఒక దిండు కుట్టి ఇక్కడే పెడతా. సెలవు దొరికిన రోజు మదనపల్లె బస్సెక్కు. ముందురోజు ఫోన్ చెయ్యి, మిద్దె మీద దిండు ఎండేస్తా.

నీ
పెద్దమ్మ