కుందేలు పిల్ల ఇంటికి వచ్చిన వేళ

సంస్కృతంలో కుందేలును శశం అంటారు. చంద్రబింబంలో ఆ రూపం తోచడం వల్లనే చంద్రునికి శశాంకుడనే పేరు కలిగింది. అంతటి ముచ్చటైన ప్రాణి కనుకనే బిడ్డలు కోరిన వెంటనే తల్లిదండ్రులు కొని తెస్తారు. కాని తెచ్చిన కొద్ది రోజులకే ఆ పిల్ల మరణించి, ఇంటిల్లిపాదీ దుఃఖించే సందర్భాలు అనేకం. దీనికి కారణం నిర్లక్ష్యం కాదు. మనకు హితమైనది దానికీ హితమే అనే అపోహ.

ఏ పిల్లను పెంచాలి?

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాలలో కనిపించే చెవులపిల్లి వేరు, పెంపుడు కుందేలు వేరు. చెవులపిల్లి వన్యప్రాణి, దానిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దాని పిల్ల ఒంటరిగా కనిపించినా అనాథ అని భావించరాదు. తల్లి పగలు దూరంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. దానిని అక్కడే విడిచిపెట్టాలి.

పెంపుడు కుందేలు ఐరోపా జాతికి చెందినది. 8 వారాలు నిండిన పిల్లనే తీసుకోవడం శ్రేయస్కరం. అంతకు ముందే తల్లిని ఎడబాసిన పిల్ల జీర్ణశక్తి కుదురుకోక విరేచనాలతో క్షీణిస్తుంది.

ఆహార నియమం

ప్రధానాహారం ఎండుగడ్డి. అది రేయింబవళ్ళు అందుబాటులో ఉండాలి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్లనే అవి అరుగుతాయి, ప్రేగులూ కదులుతాయి. ఎండబెట్టిన గరిక మంచిది. అమ్మినవారు పెట్టిన దాణానే మొదట కొనసాగించి, మార్పును వారం పది రోజులలో క్రమంగా చేయాలి. కొత్తిమీర, పుదీనా వంటి ఆకులను మూడవ నెల దాటాక ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. క్యారెట్ తీపి పదార్థం. చిన్న ముక్కకు మించరాదు.

ఆవుపాలు, అన్నం, రొట్టె, బిస్కెట్లు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టరాదు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం మొక్కలు దానికి విషతుల్యం. మన ప్రాంతంలో పత్తి, మిరప పొలాలకు పురుగుమందులు చల్లుతారు కనుక ఆ గట్ల మీది గడ్డి కోసి తేవడం ప్రమాదకరం.

రాత్రివేళ అది మెత్తని పెంటికలను తిరిగి తింటుంది. ఇది రోగం కాదు, పోషకాలను రెండవసారి గ్రహించే ప్రకృతి ధర్మం. వారించకండి.

వేసవి రక్షణ

కుందేలుకు మనవలె చెమట పట్టదు. చెవుల ద్వారానే అధికంగా వేడిని వెలువరిస్తుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి అవస్థ. మన మెట్టలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరువవుతుంది. రేకుల వసారాలో పంజరం ఉంచితే ఒక్క మధ్యాహ్నంలో ప్రాణం పోవచ్చు. ఇంటిలో చల్లని గదిలో, గాలి ఆడే చోట ఉంచి, పంజరానికి ఒక ప్రక్క తడిపిన గోనెపట్ట వేలాడదీయాలి. మట్టి మూకుడులో మంచినీరు సదా ఉండాలి. రొప్పుతూ సోలిపోతే చెవులను చల్లని నీటితో తడిపి, వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. నీటిలో ముంచరాదు.

గృహవైద్యం తగదు

ఈ పత్రిక చదివేవారు వాము కషాయం, ఆముదం వంటివి ప్రయోగించాలని అనుకోవడం సహజం. కాని కుందేలు వాంతి చేసుకోలేదు. పడని పదార్థం లోనికి పోతే బయటకు వచ్చే మార్గం లేదు. మన ఇంటిలో మిగిలిన అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే ప్రేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి మరణం సంభవించవచ్చు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా నిషిద్ధం.

పిల్ల 12 గంటలపాటు మేత ముట్టకున్నా, పెంటికలు వేయకున్నా, నీళ్ళ విరేచనాలు అవుతున్నా మరునాటి వరకు ఆగక పశువైద్యుని చూపించాలి.

చివరి మాట

చెవులు పట్టి ఎత్తరాదు; ఒక చేతిని రొమ్ము క్రింద, రెండవదానిని పిరుదుల క్రింద ఉంచి ఎత్తాలి. మొదటి రెండు మూడు రోజులు బిడ్డలను ఎత్తుకోనీయక, దూరం నుండి చూడనివ్వండి. దానివల్ల తామర సోకే అవకాశం ఉన్నది కనుక తాకిన ప్రతిసారీ చేతులు కడిగించండి. చక్కగా సాకితే కుందేలు ఎనిమిది, పది సంవత్సరాలు జీవిస్తుంది. అంతకాలం సాకగలమని నిశ్చయించుకున్నాకనే బిడ్డకు మాట ఇవ్వండి.