హోషేయ గ్రంథం నాకు నేర్పినవి

మా ప్రకాశం జిల్లా సంఘాల్లో సండేస్కూలు పిల్లలకు, స్త్రీల కూడికల్లో తల్లులకు ఏళ్ల తరబడి వాక్యం చెప్పాను. ఇప్పుడు ఆ పని చేస్తున్న చిన్నవాళ్లు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. యెషయా అన్నా, యిర్మీయా అన్నా హుషారుగా లేస్తారు. హోషేయ అనేసరికి మాత్రం, “అమ్మగారూ, మొదటి అధ్యాయమే నలుగురిలో చదవాలంటే ఇబ్బందిగా ఉంది” అంటారు. ఉన్నవి పద్నాలుగే అధ్యాయాలు, దాటేసి పోవద్దు. వాటి దగ్గర నేను నేర్చుకున్నవి మీకోసం రాసి పెడుతున్నాను.

1. పాపం కలిమిలో మొదలైందని గమనించండి.

ప్రవక్త హోషేయ నోరు విప్పిన నాటికి ఉత్తర ఇశ్రాయేలు దివ్యంగా ఉంది. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దం, రెండో యరొబాము ఏలుబడి. సరిహద్దులు పెరిగాయి. రాజధాని షోమ్రోనులో పెద్దల ఇళ్లకు దంతపు నగిషీలు. 1910లో అక్కడ తవ్వకాలు జరిపినవాళ్లకు సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. ఏ ఊరి నుంచి ఎవరి పేరున పాత ద్రాక్షారసం వచ్చింది, ఎవరి పేరున మేలిరకం నూనె వచ్చింది అన్న పద్దులవి. చాలామంది పండితులు వాటిని ఆ యరొబాము కాలానివే అంటారు. ఆ పెంకుల మీది మనుషుల పేర్లు చూడండి: కొన్నిటిలో యెహోవా పేరు కలిసి ఉంటుంది, కొన్నిటిలో బయలు అనే వేరే దేవుడి పేరు.

ఇప్పుడు రెండో అధ్యాయం తీయండి. ఇశ్రాయేలును భార్యతో పోలుస్తూ, ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది నేనేనని ఆమెకు తెలియలేదు, నేనిచ్చిన వెండి బంగారాలనే బయలుకు వాడింది అని దేవుడు వాపోతాడు. ఆ నూనెకూ ఆ ద్రాక్షారసానికీ రాసుకున్న లెక్కే తవ్వకాల్లో బయటపడింది. ఆ జనం యెహోవాను మానేయలేదు. అమావాస్యలు, విశ్రాంతిదినాలు, పండుగలు అన్నీ జరుపుతూనే ఉన్నారు. వానకూ పంటకూ మాత్రం ఇంకో గడప తొక్కారు. అవిశ్వాసం అంటే వదిలి వెళ్లిపోవడమే అనుకుంటాం. హోషేయ చూసింది ఇంట్లోనే ఉండి మనసు పంచేసుకోవడం.

2. గోమెరు మీద రాళ్లు వేయడానికి ఈ పుస్తకాన్ని వాడనివ్వకండి.

దిబ్లయీము కూతురు గోమెరును పెళ్లాడమని ప్రవక్తకు ఆజ్ఞ. ఆమె దారి తప్పుతుంది. ఆ కాపురమే దేవుడికీ ఇశ్రాయేలుకూ మధ్య నడుస్తున్న కథ. ఉజ్జీవ కూటాల్లో ఈ భాగం ఎత్తుకుని ఆడవాళ్ల చీర దగ్గర నుంచి నడక దాకా దుమ్మెత్తిపోసినవాళ్లను విన్నాను. వెనక వరసల్లో తల్లులు తలలు వంచుకుని కూర్చుంటే నా కడుపు మండేది. ఆ తర్వాత జరిగే స్త్రీల కూడికలో నేను నాలుగో అధ్యాయం 14వ వచనం తీయించేదాన్ని. మీ కూతుళ్లను, కోడళ్లను శిక్షించను, ఎందుకంటే మీ మగవాళ్లే వేశ్యలతో పోతున్నారు, వాళ్లతో కలిసి బలులు అర్పిస్తున్నారు అంటాడక్కడ దేవుడు. చదవడం అయ్యేసరికి వంగిన తలలు లేచేవి. గోమెరు బొమ్మలో కనిపించాల్సింది దేశం మొత్తం. అందులో రాజులు, యాజకులు, భూస్వాములు ముందు వరసలో ఉన్నారు.

రెండో అధ్యాయంలో ఆమెను వివస్త్రను చేస్తానన్న మాటలున్నాయి. చదివినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని దాచి తియ్యగా మార్చి చెప్పకండి, ఎగిరి దాటనూ దాటకండి.

3. తీర్పు మొదట తగిలేది బలిపీఠం దగ్గర నిలబడ్డవాళ్లకు.

జ్ఞానం లేక జనం నశిస్తుంటే, నేర్పాల్సిన యాజకులు ఆ జనం పాపాన్నే తిని బతుకుతున్నారని నాలుగో అధ్యాయం తేల్చి చెబుతుంది. పాపం పెరిగిన కొద్దీ బలులు పెరుగుతాయి, బలులు పెరిగిన కొద్దీ యాజకుడి వాటా పెరుగుతుంది. వాక్యం చెప్పే ప్రతివాళ్లూ, నాతో సహా, ఈ అధ్యాయం ముందు కాసేపు కూర్చోవాలి.

4. భయపడి అందరి కాళ్లూ పట్టుకోవడమూ అవిశ్వాసమే.

యరొబాము పోయాక దేశం కుదేలైంది. పాతికేళ్లు గడిచేలోగా ఆరుగురు రాజులు. అందులో నలుగురు తమ ముందున్న రాజును చంపి గద్దెనెక్కినవాళ్లే. మెనహేము తన కుర్చీ నిలబెట్టుకోవడానికి అష్షూరు రాజుకు 1000 తలాంతుల వెండి ముట్టజెప్పాడు. అది ధనవంతుల దగ్గర తలకు 50 తులాల చొప్పున వసూలు చేసిన సొమ్ము. ఆఖరి రాజు పేరు కూడా హోషేయే. అష్షూరుకు ఏటేటా కట్టే కప్పం మానేసి ఐగుప్తుకు రాయబారులను పంపాడు. బుద్ధిలేని పావురం ఒకసారి ఐగుప్తును పిలుస్తుంది, ఒకసారి అష్షూరు వైపు ఎగురుతుంది అని ప్రవక్త అన్నది ఈ తిరుగుడునే. ఎఫ్రాయిమును, అంటే ఈ ఉత్తర ఇశ్రాయేలునే, ఆయన తిరగేయని రొట్టెతో కూడా పోల్చాడు. పెనం మీద ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిపిండిగా ఉన్న రొట్టెను ఎవరు తినగలరు? క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో షోమ్రోను కూలింది. అక్కడి నుంచి 27 వేలకు పైగా జనాన్ని చెరపట్టుకుపోయానని అష్షూరు రాజు సర్గోను తన శాసనంలో రాయించుకున్నాడు.

5. కన్నీళ్లు చూసి మారుమనస్సు అనుకోకండి.

ఆరో అధ్యాయంలో జనం చక్కగా ప్రార్థన చేస్తారు. రెండు రోజుల్లో లేపుతాడు, మూడో రోజున నిలబెడతాడు అంటారు. మీ భక్తి పొద్దున్నే ఆరిపోయే మంచులాంటిది అని దేవుడి జవాబు. బలికంటే కనికరం కావాలని ఆయన అడిగింది ఇక్కడే. యేసు ఈ మాటను పరిసయ్యులకు రెండుసార్లు గుర్తుచేశాడని మత్తయి రాశాడు.

6. కోపాన్నీ జాలినీ విడదీయకండి.

ఈ పుస్తకం నుంచి ఒక్కటే నేర్పాల్సి వస్తే నేను 11వ అధ్యాయం నేర్పుతాను. దేవుడు అక్కడ కన్నవాడిలా మాట్లాడతాడు. చేతులు పట్టి నడక నేర్పాను, ఎత్తుకున్నాను, వంగి అన్నం పెట్టాను, బాగుచేసింది నేనేనని వాళ్లకు తెలియలేదు అంటాడు. వెంటనే, కత్తి వాళ్ల పట్టణాల మీద పడుతుంది అంటాడు. ఆ వెంటనే, నిన్ను ఎలా వదులుకోను, సొదొమతోపాటు మాడిపోయిన అద్మాలా, సెబోయీములా నిన్ను ఎలా చేయను అని గుండె తిరగబడినట్టు మాట్లాడతాడు. తాగుడుకు ఎకరం పొలం అమ్ముకున్న కొడుకున్న ఒక తల్లి మా కూడికలో ఉండేది. ఈ అధ్యాయం చదువుతుంటే, “వాణ్ణి గుమ్మం తొక్కొద్దన్నదీ నేనే అమ్మగారూ, రాత్రి గడియ వేయకుండా పడుకునేదీ నేనే” అంది. అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు.

ఒక్క తేడా ఉంది. కడుపు తీపి ఎంత ఉన్నా మనిషి ఓపిక ఎక్కడో తెగుతుంది. నా కోపాగ్ని పూర్తిగా రగలనివ్వను, ఎందుకంటే నేను దేవుణ్ణి, మనిషిని కాను అంటాడాయన. అయినా షోమ్రోను కూలింది. శిక్ష తప్పలేదు, ప్రేమా తెగలేదు. సగం చెప్పి ఆపితే, ఏ సగం చెప్పినా జనాన్ని మోసం చేసినట్టే.

7. క్షమకు ఖర్చు పెట్టుకున్నది దెబ్బతిన్నవాడు.

మూడో అధ్యాయంలో ప్రవక్త 15 తులాల వెండి, ఒకటిన్నర హోమెరు యవలు ఇచ్చి గోమెరును విడిపించుకుంటాడు. చేతిలో వెండి చాలక గింజలు కలిపాడని నా ఊహ. ఈ అధ్యాయం చూపించి, కొట్టి చంపే మొగుడి దగ్గరికి తిరిగి వెళ్లమని ఏ ఆడపిల్లకూ చెప్పకండి. తప్పు చేసినవాడు ఇంకా చెయ్యి ఎత్తుతున్నచోట హోషేయ కథ వర్తించదు.

8. గోమెరు మూడో బిడ్డ పేరు ఎక్కడికి చేరిందో చూడండి.

ఆ బిడ్డ పేరు లోఅమ్మీ, నా జనం కాదు అని. కాదన్న జనాన్నే నా జనం అని పిలిచే రోజు వస్తుందని రెండో అధ్యాయం చివర ఉంది. పౌలు రోమా పత్రికలో, పేతురు తన మొదటి పత్రికలో ఆ మాటను అన్యజనులకు వర్తింపజేశారు. ఇది మా ఇంటి కథ కూడా. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని, గుడి మెట్లెక్కనివ్వని మనుషులు. మీరు నా జనం అన్న పిలుపు వాళ్ల చెవిన ఎలా పడి ఉంటుందో పిల్లలకు విడమరిచి చెప్పండి. ఆ పాఠం రోజున హోషేయతోపాటు మొదటి పేతురు రెండో అధ్యాయం కూడా తీయించండి. పదో వచనం మీరు చదివి పెట్టకండి, పిల్లలనే వెతికి పట్టుకోనివ్వండి.