కోపం కాదు, నరం నొప్పి

మొగిలి ఘాట్ ఎక్కిన బస్సు కిటికీలోంచి డిసెంబరు గాలి మొహానికి తగలగానే బయటి ఊళ్లవాళ్లు మురిసిపోతారు, పేదల ఊటీ వచ్చిందని. పలమనేరు రెండు వేల అడుగులు దాటిన ఎత్తులో ఉంది మరి. ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే మొహంలో నరం నొప్పి, ఉన్నవాళ్లకు మాత్రం ఆ గాలే కరెంటు షాక్. చెంప, దవడ, చిగురు, కొందరికి నుదురు. సాధారణంగా మొహంలో ఒక పక్కనే. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు. పళ్లు తోమినా, నమిలినా, నవ్వినా మళ్లీ రావచ్చు.

చలి ఈ జబ్బును పుట్టించదు, ఉన్నదాన్ని రేపుతుంది. మొహంలోని స్పర్శను మెదడుకు చేరవేసే నరాన్ని, మెదడు దగ్గర అది మొదలయ్యే చోట, చాలామందిలో ఒక రక్తనాళం ఒత్తుతుంటుంది. నరం పైపొర అరిగిపోయి, మామూలు తాకిడి కూడా నొప్పిగా మారుతుంది. అందుకే వాతమనుకుని చెవిలో వేడినూనె పోస్తే ఒరిగేదేమీ లేదు. పంటిపోటనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. పన్ను బాగుందని దంతవైద్యుడు చెబితే నమ్మండి. ఇంకో పళ్ల డాక్టరును వెతక్కుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ నొప్పితో బతకడంలో సగం కష్టం అది ఎవరికీ కనిపించకపోవడం. వాపుండదు, కట్టుండదు. సల్మాన్ ఖాన్ 2011లో దీనికి అమెరికాలో చికిత్స చేయించుకున్నాడు. తెర మీద ఆ కండలు చూసినవాళ్లలో ఎవరు ఊహిస్తారు? మీ వీధిలోనూ అంతే. పొద్దున పాలకేంద్రం దగ్గర తల తిప్పుకుని నిలబడితే "ఏమక్కా, పలకవు? కోపమా?" అంటారు. మీరు బదులివ్వరు. నాలుగు రోజులకు వాళ్లూ పలకరించడం మానేస్తారు.

కాబట్టి ఒక్కసారి చెప్పేయండి. జబ్బు చరిత్రంతా అక్కర్లేదు. "నాకు మొహంలో నరం నొప్పి. చలిగాలికి మాట్లాడలేను. ఎండెక్కాక మాట్లాడుకుందాం." ఇంతే. బస్సులో కిటికీ పక్క సీటు మార్చమని అడగడానికి, ఆఫీసులో ఫ్యాను తగ్గించమనడానికి మొహమాటపడకండి. ఓర్చుకోవడం గొప్పతనమని మనకు నూరిపోశారు. ఈ జబ్బు దగ్గర ఆ గొప్పతనం ఎందుకూ పనికిరాదు.

మిగతా సగం కష్టం భయం. షాక్ వచ్చేది క్షణాలు, మళ్లీ వస్తుందేమోనన్న దిగులు తినేది రోజంతా. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపుంది రాయండి. ఏ గంటలు మీవో తెలుస్తాయి. ముఖ్యమైన ఫోన్లు, సంతపనులు ఆ గంటలకు జరపండి. ధనుర్మాసమని చీకట్లోనే గుడికి పరుగెత్తాలా? ఎనిమిది గంటలకూ దేవుడు అక్కడే ఉంటాడు.

బయటికి వెళ్లేటప్పుడు మఫ్లరు మంచిదే, కానీ బిగించకండి. కొందరికి ఉన్ని తగిలినా నొప్పి రేగుతుంది, వాళ్లకు మెత్తని పాత నూలుగుడ్డ నయం. పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్లు. తిండి విషయంలో మన సీమవాళ్లు అదృష్టవంతులు: రాగిసంగటిని నమలరు, మింగుతారు! మరీ వేడిగా కాకుండా పలుచని పప్పుతో తింటే దవడకు పని తక్కువ. నొప్పికి భయపడి పూటలు మానేస్తే నీరసం తోడవుతుంది.

మామూలు నొప్పిబిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. దశాబ్దాలుగా మొదట ఇచ్చే మందు కార్బమజెపైన్. మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదు. మత్తు, తలతిరుగుడు ఉంటాయి కనుక మొదట్లో బండి నడపొద్దు. ఒంటి మీద దద్దురు లేస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రక్తంలో సోడియం తగ్గే అవకాశమూ ఉంది, పరీక్షలు ఎగ్గొట్టకండి. తగ్గిందని మీ అంతట మీరు టక్కున ఆపేయొద్దు. మందుకు లొంగకపోతే రక్తనాళాన్ని నరం నుంచి తప్పించే ఆపరేషన్ ఉంది. పలమనేరుకు ఒక పక్క తిరుపతి స్విమ్స్, ఇంకో పక్క వేలూరు సీఎంసీ, మరో పక్క బెంగళూరు నిమ్హాన్స్. వేలూరులో జాకబ్ చాందీ 1949లోనే న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. ఇన్ని ఆసుపత్రులు దగ్గర్లో ఉండగా ఏళ్లతరబడి తువ్వాలు అదుముకుని కూర్చోవడం ఎందుకు? మొహం తిమ్మిరెక్కినా, రెండు వైపులా నొప్పి వచ్చినా, చిన్న వయసులోనే మొదలైనా అసలు ఆలస్యం వద్దు. ఎమ్మారై తీసి వేరే కారణాలున్నాయేమో చూస్తారు.

బతుకే విసుగనిపించే రాత్రి వస్తే ఇంట్లో ఒకరిని లేపండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. నోరు విప్పలేని రోజుల కోసం "నరం నొప్పి, మాట్లాడలేను, పలమనేరు బస్టాండుకు ఒక టికెట్" అని రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. కండక్టరు చదువుకుని చిల్లర ఇస్తాడు.